మూడు నొక్కులు

పెంచలయ్య బ్రేకు మీద కాలు పెట్టి కూర్చున్నాడు.
తీయొద్దని మూడుసార్లు చెప్పాను.
చక్రం నేల మీదే ఉంది. నడిమి మూత ఊడదీస్తే
గుంటలో నట్టు,
ఆరిన తాటిబెల్లం ముక్కలా.

తిరువొత్తియూరు గాలికి ఇనుమంటే ఆకలి.
సముద్రం రోడ్డు దాటి రాదు గాని
దాని నాలుక వస్తుంది.
గొడుగు కమ్మీలు, షట్టరు గొళ్ళెం,
నా సామాన్ల పెట్టె బందులు
అన్నీ రుచి చూసింది.

నలభై దాటితే డ్రైవరు వైపు ముందు చక్రంలో
తుమ్మెద చేరుతోందన్నాడు పెంచలయ్య.
ఎయిర్‌పోర్టు దాకా దాంతో మాట్లాడుకుంటూ పోతున్నాడట.
బేరింగు పోయింది. మార్చడం గంట పని,
నట్టు ఊడితే.

ఎనిమిదికి నూనె పోశాం.
తొమ్మిదికి మళ్ళీ పోశాం.
పదికి మేం టీ తాగి, దానికి ఇంకాస్త నూనె తాగించాం.
సాకెట్టు తగిలించి, రాడ్డు దూర్చి,
రాడ్డుకి బోరింగు పైపు తొడిగితే
ఇన్బరసు వేలాడాడు.
పంతొమ్మిదేళ్ళు వాడికి, యాభై కిలోలు లేడు.
"సుత్తాదణ్ణా" అన్నాడు.
తిరగదని వాడి అరవం.
ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నా
నాకు ఆ మాటలో సుత్తే వినపడుతుంది.
సుత్తి ఇవ్వరా, అన్నాను.

కొట్టాం.
గ్యాసు మంట చూపించాం. గ్రీసు పొగ
పక్క ఇడ్లీ కొట్లోకి పోయి
తిట్లతో తిరిగొచ్చింది.
ఎడమ మరేమో, అన్నాడు ఇన్బరసు.
కాదురా అన్నాను. అంటూనే
ఒక్క క్షణం నేనూ అనుమానపడ్డాను.
మొండిదాని ముందు
మనకి తెలిసింది కూడా వదులవుతుంది.

పన్నెండుకి రాడ్డు తల విరిగింది.
పుదుప్పేటలో జర్మనీదని చెప్పి అమ్మారు.
విరిగిన చోట సుద్దముక్కలా ఉంది.
"ఎవడ్రా దీన్ని బిగించింది,
వాడి చేతులు" అని మొదలుపెట్టాను.
మిగతాది రాయలేను.

మోకాళ్ళ మీద వంగి టార్చి వేశాను.
మంటకి తుప్పు పెచ్చు రాలి అంచు బయటపడింది.
ఇరుసు గాడిలోకి నట్టు పెదవిని దిగ్గొట్టిన గుర్తు.
గాడి ఒకటే. ఒక నొక్కు చాలు.
దానికి ఇటొకటి, అటొకటి,
ఉత్త మర మీదే, ఎందుకూ పనికిరానివి.
మూడూ ఒకే వాలులో, ఎడమచేతి వాటం.
ఈ బజారులో ఎడమచేత్తో సుత్తి పట్టేది
నేనొక్కణ్ణే.

వరద ఏడు.
మెడ దాకా మునిగి వచ్చిన బండి.
అప్పుడు ఓనరు వేరు, రంగు వేరు.
ఆ డిసెంబరంతా ఏది బిగించినా
ఇంకొంచెం బిగించాను.
కుళాయిలు, గ్యాసు గొట్టం, ఊరగాయ సీసా మూత.
మంగతాయి తెరవలేక
సీసా పట్టుకుని షెడ్డు దాకా వచ్చేది.

ఇన్బరసుకి చెప్పలేదు.
సన్న ఉలి అడిగాను.
ఒక్కో నొక్కునీ పైకి లేపాను,
పసిదాని కాల్లో ముల్లు తీసినంత మెల్లగా.
లారీ షెడ్డులో అరువు తెచ్చిన రాడ్డు.
పైపు మీద ఈసారి నేనే.
పెంచలయ్యా, కాలు!

ముందు శబ్దం వచ్చింది, పగిలినట్టు.
నట్టో, సాకెట్టో, నా భుజమో
తెలియలేదు.
పైపు జానెడు దిగింది.
"సుత్తుదు!" అన్నాడు వాడు.

సాయంత్రం కొత్త బేరింగు, కొత్త నట్టు.
లెక్క ప్రకారం బిగించాను. రెంచి టిక్కుమంది.
గాడి చూసుకుని ఒక నొక్కు వేశాను.
సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.
"పోదుమాణ్ణా?" అన్నాడు ఇన్బరసు.
చాలు అనడానికి
కాసేపు పట్టింది.

పెంచలయ్య ఎణ్ణూరు దాకా పోయి వచ్చాడు.
ఏమీ వినపడ్డం లేదన్నాడు,
డబ్బు లెక్కపెడుతూ,
కొంచెం దిగులుగా.